దెబ్బలు లేని రోజులు

ఫ్యాక్టరీ క్వార్టర్లు, మూడో వరస
ఫిబ్రవరి 4

చిన్నా,

ఫోన్లో నేను ‘విషయం ఏంటంటే’ అనేలోపే నువ్వు ‘అక్కా, మీటింగ్’ అంటావు. ఉత్తరానికి మీటింగ్ అడ్డం రాదు కదా, అందుకని రాస్తున్నాను. తీరుబడిగా చదువు. జవాబు మాత్రం రాయకపోయావో, నీ సంగతి చెప్తాను.

ముందు నీ బోర్డు కబురు. గేటు పక్కన పచ్చరంగు వేసి పెద్దదొరగారిలా నిలబెట్టారు. ‘ప్రమాదం లేకుండా 262 రోజులు’ అని ఇవాళ్టి లెక్క. పొద్దున్నే వాచ్‌మన్ నిచ్చెన వేసుకుని అంకె మారుస్తుంటే లోపలికొచ్చే వాళ్ళంతా ఆగి చూస్తారు. ఏ రోజు అంకె సున్నాకి పడిపోతే ఆ రోజు ఎవరివల్ల పడిందో ఊరంతటికీ తెలుస్తుందని అందరికీ భయం. నా ఫస్ట్ ఎయిడ్ గదిలో రిజిస్టరు ఖాళీగా ఉంటోంది. నేను కూర్చుని స్వెటరు అల్లుకుంటున్నాను. ప్రధాన కార్యాలయంలో భద్రతా విభాగం పెద్దవైపోయి అక్కకి పని లేకుండా చేశావు కదరా!

మీ బావ సంబరం చూడాలి. గాజు పలకలు దించే దగ్గర మేస్త్రీ కదా, కొత్తగా చేరినవాడు ఎవడొచ్చినా ముందు గేటు దగ్గరికి తీసుకెళ్ళి ‘ఇది మా బామ్మర్ది బుర్రలోంచి వచ్చింది’ అని చెప్పి అప్పుడు పనిలోకి పంపుతున్నాడు. ట్రాలీ నడిపే నెమ్మదన్న ఉన్నాడు కదా, ప్రతి అడుగుకీ ‘నెమ్మది, నెమ్మది’ అంటాడని ఆ పేరొచ్చినాయన, ‘మేస్త్రీ, ఇప్పటికి తొమ్మిదిసార్లు చెప్పావు’ అని గుర్తుచేస్తుంటాడు.

మీ బావ కుడిచేతి రెండు వేళ్ళు తలుపు సందులో పడి నలిగాయి. ఇంటి తలుపేలే, కంగారుపడకు. కట్టు కట్టాను. ఎడం చేత్తో చెంచా పట్టుకుని సగం చొక్కా మీద పోసుకుంటూ, అది చెంచా తప్పంటున్నాడు. పాప పరీక్షలకి చదువుతోంది, అంటే పుస్తకం తెరిచి కిటికీలోంచి చూస్తోంది.

ఉంటాను మరి.

అక్క

*

ప్రధాన కార్యాలయం, అయిదో అంతస్తు
ఫిబ్రవరి 13

అక్కకి,

చూశావా, జవాబు రాశాను. బావ చెయ్యి ఎలా ఉంది? ఇరవై ఏళ్ళు గాజు పలకల మధ్య తిరిగి చెక్కుచెదరని మనిషి ఇంటి తలుపుకి దొరికిపోయాడా? మేస్త్రీగారికి ఇంట్లో కూడా హెల్మెట్ ఇప్పించమంటావా?

మమ్మల్ని వారం రోజులు ఒక శిక్షణకి పంపారు. వ్యవస్థని మొత్తంగా చూడటం అని. ఏదైనా సంస్థలో ఒక సమస్య పదేపదే వస్తోందంటే దాన్ని ఒక్కదాన్నే పట్టుకుని కొట్టకూడదు, దాని చుట్టూ ఉన్నవన్నీ ఒకదాన్నొకటి ఎలా తోస్తున్నాయో చూడాలి. నీకు అర్థమయ్యేలా చెప్తాను, కోప్పడకు. మా అంతస్తులోనే, ఫైళ్ళు ఆలస్యమవుతున్నాయని పెద్దాయన రోజూ ఒక నివేదిక అడిగాడు. ఆ నివేదిక తయారుచేయడానికి ఇద్దరు కూర్చున్నారు. వాళ్ళు చూడాల్సిన ఫైళ్ళు ఇంకా ఆలస్యమయ్యాయి. పెద్దాయన మండిపడి పొద్దునొకటి, సాయంత్రమొకటి అడిగాడు. ఇక చెప్పేదేముంది! అందరూ ఆ ఇద్దర్నీ తిట్టారు. వాళ్ళని మార్చి వేరే ఇద్దర్ని పెట్టారు. వాళ్ళనీ తిట్టారు. తప్పు మనుషుల్లో లేదు, మందులో ఉంది. మనం వేసిన మందే రోగాన్ని పెంచుతోంటే ఆ సంగతి మందు వేసినవాడికి ఆఖరున తెలుస్తుంది. నాకు ఈ మాట భలే నచ్చింది.

ఇంకో చిన్న సంగతి. స్టోరు లెక్కలు చూస్తుంటే మీ గదికి కట్టుగుడ్డ పోయినేడాదికంటే మూడింతలు వెళ్ళినట్టు కనబడింది. దెబ్బలేమో సున్నా! ఏంటక్కా, గుడ్డంతా తీసుకెళ్ళి పాపకి గౌన్లు కుట్టిస్తున్నావా?

మూడువందల రోజులకి పెద్ద సభ పెట్టమని మీ మేనేజరుకి ఇక్కడినుంచి ఉత్తరం వెళ్ళింది. రాసింది నేనే. నేనూ వస్తాను. బావకి వేదిక మీద కుర్చీ వేయిస్తాను.

నీ తమ్ముడు

*

ఫ్యాక్టరీ క్వార్టర్లు
మార్చి 3

చిన్నా,

నీ చదువు బాగుంది కానీ, ఫైళ్ళు ఆలస్యమవుతాయని తెలుసుకోవడానికి వారం రోజులు భోజనం పెట్టి మరీ నేర్పారా? నన్నడిగితే నిమిషంలో చెప్పేదాన్ని.

కట్టుగుడ్డ సంగతి అడిగావు. అద్దాలు, బల్లలు తుడవడానికి వాడుతున్నాం. కొత్తగా వచ్చిన ఆయాకి శుభ్రం పిచ్చి. పెద్దగా పట్టించుకోకు.

ఇక్కడ సభ హడావుడి మొదలైంది. ముందు హాల్లోంచి చెక్కపెట్టెలన్నీ తీసేసి కుర్చీలు వేస్తున్నారు. ఆ పెట్టెలు ఎక్కడికి పోతాయి, పలకలు దించే చోటికే వచ్చాయి. మీ బావ అక్కడ అడ్డంగా తిరగలేకపోతున్నానని గొణుగుతున్నాడు. గొణుగుతూనే కొత్త చొక్కా కొనుక్కొచ్చి అద్దం ముందు నిలబడి ఉపన్యాసం అభ్యాసం చేస్తున్నాడు. ‘సోదరులారా’ అనడం వచ్చింది, ఆ తర్వాత ఏమనాలో రావడం లేదట. ‘కూర్చోండి అను’ అంది పాప.

ఇవాళ 289. ఇంకెంత, పదకొండు రోజులు. త్వరగా రా. నీకు పక్క సర్దిపెట్టాను.

అక్క

*

ఫ్యాక్టరీ క్వార్టర్లు
మార్చి 29

చిన్నా,

నువ్వు వచ్చి పన్నెండు రోజులు ఉన్నావు. ఆ పన్నెండు రోజుల్లో ఆ రోజు సంగతి నువ్వు అడగలేదు, నేను చెప్పలేదు. ఇప్పుడు చెప్పాలనిపిస్తోంది. ఇంట్లో చెప్పుకోవడానికి పాప తప్ప ఎవరూ లేరు, దానికి చెప్పలేను.

సభకి రెండు రోజుల ముందు. పొద్దున పదీ పది. లోపల పెద్ద చప్పుడైంది. గాజు పగిలిన చప్పుడు మాకు కొత్త కాదు, కానీ ఆ తర్వాత ఎవరూ తిట్టుకోలేదు. ఆ నిశ్శబ్దానికి నేను లేచి నిలబడ్డాను. దుప్పటిలో ఎత్తుకుని నా గదికే తీసుకొచ్చారు. వేరే ఎక్కడికి తీసుకొస్తారు! ఎవరిదో తెలియకుండానే కత్తెర తీసి చొక్కా కోశాను. కోశాక తెలిసింది, ఆ గుండీ నేను కుట్టిందే. నేను చెయ్యాల్సినవన్నీ చేశాను చిన్నా. ఒక్కటి కూడా మర్చిపోలేదు. పదిహేడు నిమిషాలు చేశాను. ఆయన నా చేతుల్లోనే పోయాడు.

మేనేజరు నిన్న వచ్చి చెప్పాడు. ఆ ట్రాలీకి రెండు పక్కలా పలకలు వాలుగా నిలబెడతారు. ఇటొకటి, అటొకటి దించాలి. బరువు సమానంగా ఉండాలని. నెమ్మదన్న ఒక్క పక్కనుంచే వరసగా దించుకుంటూ పోయాడు. రెండో పక్కకి పట్టీ కట్టలేదు. బరువంతా అటు మొగ్గి, ట్రాలీ అటే పడింది. అటు మీ బావ ఉన్నాడు. వెనక పెట్టెలు. తప్పుకోడానికి చోటు లేదు.

నెమ్మదన్నని పనిలోంచి తీసేసి పోలీసు కేసు పెడతారట. ప్రధాన కార్యాలయం నివేదిక రావాలిట. అది నువ్వే రాస్తున్నావని చెప్పాడు. రాయి. ఉన్నది ఉన్నట్టు రాయి. ఆ మనిషి జైల్లో కూర్చుని గోడని చూసి ‘నెమ్మది, నెమ్మది’ అనుకోవాలి. నాకు అంతకన్నా ఏమీ అక్కర్లేదు.

అక్క

*

ప్రధాన కార్యాలయం
ఏప్రిల్ 6

అక్కా,

నీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. జవాబు మొదలుపెట్టి మూడుసార్లు చింపేశాను.

నీకు చెప్పకుండా ఒక పని చేశాను. పోయిన వారం అక్కడికే వచ్చి మూడు రోజులు గెస్ట్‌హౌస్‌లో ఉన్నాను. మీ ఇంటికి వస్తే నీ మొహం చూసి నా పని నేను చెయ్యలేనని రాలేదు. తిట్టు. ఆ చోట నిలబడి పొద్దున్నుంచి సాయంత్రం దాకా చూశాను. ట్రాలీ వచ్చే దారిలో నేల మీద ఒక గుంట ఉంది, అరచేతి వెడల్పు. చక్రం అందులో పడితే ట్రాలీ ఊగుతుంది. గోడ పక్కకి పెట్టెలు పేర్చి ఉన్నాయి కాబట్టి రెండో పక్కనుంచి పలక తీసే వీలే లేదు. కుర్చీల కోసం పెట్టెలు తెచ్చారు. సభ కోసం కుర్చీలు వేశారు. నేను రాసిన ఉత్తరం వల్ల సభ పెట్టారు. ఒక కాగితం మీద ఇవన్నీ వేసి బాణం గుర్తులు గీస్తూ వెళ్ళాను. ఎటునుంచి మొదలుపెట్టినా గీత నా బల్ల దగ్గరికే వచ్చి ఆగుతోంది.

తప్పెవరిది అని అడిగితే ఒక పేరు దొరుకుతుందక్కా. పేరు దొరకగానే వెతకడం ఆపేస్తాం. గుంట అక్కడే ఉంటుంది. నెమ్మదన్న బదులు ఆ రోజు ఇంకో మనిషిని అక్కడ నిలబెడితే ఇది జరగకుండా ఉండేదా? ఆలోచించు. వాడూ ఒక పక్కనుంచే దించేవాడు. వేరే దారి లేదు.

కానీ నా మాట ఎవరూ ఒప్పుకోవడం లేదు. ‘ఆ చోటు అంత ప్రమాదమైతే ఇంతకుముందు ఎప్పుడూ ఏమీ జరగలేదేం?’ అంటున్నారు. రిజిస్టరు ముందు పెట్టి చూపిస్తున్నారు. తొమ్మిది నెలలుగా తెల్లకాగితం. రిజిస్టరు ఖాళీ అయితే తప్పు నెమ్మదన్నది. అంతే లెక్క. ఇరవై అయిదో తారీఖు లోపల నివేదిక ఇవ్వాలి.

అందుకని అడుగుతున్నాను. నీ గదికి వచ్చిన వాళ్ళలో ఎవరైనా, చిన్న దెబ్బే కానీ, ఆ గుంట దగ్గర తగిలించుకుని వచ్చారా? నీకేమైనా గుర్తుందా?

నీ తమ్ముడు

*

ఫ్యాక్టరీ క్వార్టర్లు
ఏప్రిల్ 10

చిన్నా అని పిలవాలని లేదు.

ఊళ్ళోకి వచ్చి ఇంటికి రాలేదా? మీ బావ ఉంటే నిన్ను మెడ పట్టుకుని లాక్కొచ్చేవాడు.

నెమ్మదన్న స్థానంలో ఇంకో మనిషిని పెట్టి చూడమంటున్నావు. మా ఆయన స్థానంలో ఇంకో మనిషిని పెట్టి చూపించు. నీ కాగితంలో గుంట ఉంది, పెట్టెలున్నాయి, కుర్చీలున్నాయి. మనిషెక్కడరా? సభ కోసం కొన్న చొక్కా ఇంకా అట్టముక్కతో సహా బీరువాలో ఉంది. దానికి ఎటునుంచి ఎటు బాణం గీస్తావు?

చిన్నప్పుడు నాన్న ఏం చేసేవాడో మర్చిపోయావా? ఇంట్లో గ్లాసు పగిలితే ఎవరు పగలగొట్టారో తేలేదాకా ఎవరికీ అన్నం పెట్టనిచ్చేవాడు కాదు. మనిద్దరం ముక్కలన్నీ పాత బట్టల మూటలో దాచేవాళ్ళం. ‘మా ఇంట్లో ఏడాదిగా ఒక్క గ్లాసు పగల్లేదు’ అని ఆయన వచ్చిన ప్రతివాళ్ళకీ చెప్పేవాడు. ఆఖరికి అమ్మ ఆ మూట విప్పి అరచెయ్యి కోసుకుంది. ఆ రక్తం తుడిచింది నువ్వూ నేనూ. అది తెలిసినవాడివి గేటు దగ్గర ఆ బోర్డు ఎలా పెట్టావు?

నిన్న నెమ్మదన్న వచ్చాడు. మీ బావ క్యారేజీ కడిగి తెచ్చాడు. లోపల షెల్ఫులో ఉండిపోయిందట. గుమ్మం బయటే నిలబడ్డాడు. క్యారేజీ తీసుకుని మొహం మీద తలుపు వేసేశాను. కిటికీలోంచి చూస్తే చాలాసేపు అక్కడే నిలబడి ఉన్నాడు. నాకు జాలి కలగలేదు. కలగకూడదని గట్టిగా అనుకున్నాను.

నాకేం గుర్తు లేదు. నీ నివేదిక నువ్వు రాసుకో.

అక్క

*

ఫ్యాక్టరీ క్వార్టర్లు
ఏప్రిల్ 16

చిన్నా,

ఈ ఉత్తరంతోపాటు ఒక నోటుబుక్కు పంపుతున్నాను. జాగ్రత్తగా చూసుకో, ఇంకో నకలు లేదు.

నేను నీకు అబద్ధం చెప్పాను. కట్టుగుడ్డతో ఎవరూ అద్దాలు తుడవలేదు. బోర్డు పెట్టిన మూడో వారంనుంచే జనం నా గదికి రావడం మానేశారు. సాయంత్రం చీకటి పడ్డాక ఇంటికి వచ్చేవాళ్ళు, పెరటి వైపునుంచి. ‘సిస్టరమ్మా, రాయకండి. నా ఒక్కడి వల్ల అందరి అంకె పోతుంది’ అని చేతులు పట్టుకునేవాళ్ళు. వంటింటి బల్ల మీద కుట్లు వేశాను. రిజిస్టర్లో రాయలేదు. కానీ కుట్లు ఎప్పుడు విప్పాలో, ఇంజెక్షన్ మళ్ళీ ఎప్పుడో గుర్తుండాలి కదా, అందుకని పాప రఫ్ నోటుబుక్కులో రాసుకున్నాను. మొత్తం నలభై ఒకటి. తారీఖు, మనిషి, దెబ్బ, ఎక్కడ తగిలింది. నర్సు చెయ్యి రాయకుండా ఉండలేదు.

ఆ గుంట దగ్గరవి నాలుగు. మూడు వేరేవాళ్ళవి. నాలుగోది రెండువందల యాభై తొమ్మిదో రోజుది. కుడిచేతి రెండు వేళ్ళు. అది తలుపు కాదు చిన్నా. చక్రం గుంటలో పడి ట్రాలీ ఊగితే ఆయన చేత్తో పట్టి ఆపాడు.

ఆ రోజు నేను రిజిస్టరు ముందు పెట్టుకున్నాను. ఇంట్లో మనిషిది కూడా దాస్తే ఇంకేం మిగిలిందని రాయబోయాను. ఆయన ఎడం చేత్తో నా పెన్ను పట్టుకున్నాడు. ‘వద్దే. అది మనవాడు పెట్టిన బోర్డు. మనవాడి బోర్డు మన ఇంటి వల్లే సున్నా అయితే వాడు అక్కడ తలెత్తుకుంటాడా?’ అన్నాడు. నేను పెన్ను మూసేశాను.

ఇది నీకు ఎప్పటికీ చెప్పకూడదనుకున్నాను. ఆయన పోయాక మరీ అనుకున్నాను. కానీ నెమ్మదన్న మళ్ళీ వచ్చాడు. ఈసారి నేనే అడిగాను, ఒక్క పక్కనుంచి ఎందుకు దించావని. గట్టిగా అడిగితే, ‘మేస్త్రీ కానిచ్చేద్దాం అన్నాడు సిస్టరమ్మా. నేను అటు వెళ్ళి చేత్తో పట్టుకుంటాలే, నువ్వు ఇటునుంచి తియ్యి అన్నాడు. పట్టీ కట్టాలన్నా అటు చెయ్యి దూరే చోటు లేదు’ అన్నాడు. మరి ఆ మాట విచారణలో ఎందుకు చెప్పలేదన్నాను. ‘ఆయన లేడు కదమ్మా. లేని మనిషి మీద ఎలా చెప్పను?’ అన్నాడు.

నేను గుమ్మంలోనే కూలబడ్డాను. ఆ మనిషి నాకోసం మంచినీళ్ళు తేవడానికి మా ఇంట్లోకి వెళ్ళి, గ్లాసులు ఎక్కడుంటాయో తెలియక వట్టి చేతులతో తిరిగొచ్చాడు. ఇద్దరం ఏడ్చాం. ఆయన జైలుకి వెళ్తే నాకు ఏం వస్తుంది?

నోటుబుక్కు చూపిస్తే దాచింది నేనని తెలుస్తుంది. తెలియనీ. నా ఉద్యోగం పోతే పోయింది.

అక్క

*

ప్రధాన కార్యాలయం
మే 20

అక్కా,

నోటుబుక్కు బల్ల మీద పెట్టాను. పెద్దాయన ఒక్కో పేజీ తిప్పాడు. మధ్యలో పాప గీసిన పిల్లి బొమ్మలున్నాయి. నవ్వేవాళ్ళెవరూ లేరు. నలభై ఒకటి చదివాక నెమ్మదన్న పేరు మళ్ళీ ఎవరూ ఎత్తలేదు. కేసు ఆపారు, పనిలోకి తీసుకున్నారు. గుంట పూడ్చారు. పెట్టెలకి వేరే షెడ్డు వేస్తున్నారు. అన్ని ఫ్యాక్టరీల్లోనూ బోర్డులు దించేశారు. దెబ్బ రాసినవాళ్ళని ఒక్కమాట అనకూడదని ఉత్తర్వు వచ్చింది. మొదటి పది రోజుల్లోనే మీ దగ్గర రిజిస్టర్లో పదిహేడు దెబ్బలు ఎక్కాయి. మీ మేనేజరు హడలిపోయి, ‘ఒక్కసారిగా ఇన్ని ప్రమాదాలేంటండీ’ అని ఫోన్ చేశాడు. ఇవి కొత్తవి కావండీ, ఇప్పుడు కనబడుతున్నాయి, అంతే అన్నాను.

నిన్ను మూడు నెలలు సస్పెండు చేశారు. ఆపడానికి నా చేతనైంది చేశాను, కుదరలేదు. క్షమించు.

ఇప్పుడు అసలు సంగతి. నువ్వు నీ అబద్ధం చెప్పావు, నాది నేను చెప్పాలి. కట్టుగుడ్డ మూడింతలు వెళ్తోందని నేను నవ్వుతూ రాశాను కదా. నవ్వుతూ రాయలేదక్కా. ఆ లెక్క చూసిన రోజే నాకు అనుమానం వచ్చింది. దెబ్బలు తగ్గితే గుడ్డ తగ్గాలి. గుడ్డ పెరిగి దెబ్బలు సున్నా అయ్యాయంటే ఎక్కడో దాస్తున్నారని శిక్షణకి వెళ్ళిన ఎవడికైనా తెలుస్తుంది. నాకూ తెలిసింది. అప్పటికే బోర్డు గురించి పెద్దవాళ్ళు మెచ్చుకున్నారు. నాకు పైఅంతస్తులో పెద్ద పోస్టు ఇస్తామన్నారు. అందుకని నీకు ఒక వేళాకోళం రాశాను. నువ్వేదో ఒక కారణం చెప్తావని, అది నమ్మేయొచ్చని. నువ్వు చెప్పావు. నేను నమ్మినట్టు ఊరుకున్నాను. అది ఫిబ్రవరి. అప్పుడు నేను ఒక్క రైలు ఎక్కి వచ్చి నీ వంటింట్లో కూర్చుని ఉంటే బావ వేళ్ళు చూసేవాణ్ణి.

బావ నాకోసం దాచాడని నువ్వు రాసినప్పటినుంచి అన్నం సహించడం లేదు. నాకు ఎవరో ఒకరు శిక్ష వేస్తే బాగుండును. ఇక్కడ అందరూ భుజం తట్టి ‘నీ ఒక్కడిదే కాదు, ఇది వ్యవస్థ’ అంటున్నారు. నేను నేర్పిన మాటే నాకు చెప్తున్నారు.

నేను రావచ్చా? వచ్చి మీ దగ్గర ఉంటాను. రమ్మంటే ఈ రాత్రి బండికే బయల్దేరతాను.

నీ తమ్ముడు

*

ఫ్యాక్టరీ క్వార్టర్లు
మే 29

చిన్నా,

నీ ఉత్తరం వచ్చి ఆరు రోజులైంది. రోజూ జవాబు రాద్దామని కూర్చుని లేచిపోతున్నాను. ఇంట్లో పని లేదు, గదికి వెళ్ళేది లేదు. మధ్యాహ్నాలు చాలా పొడుగ్గా ఉంటున్నాయి. పాప ట్యూషన్‌నుంచి వచ్చేదాకా గడియారం చూస్తుంటాను. మీ బావ వచ్చే వేళకి ఇప్పటికీ చెవులు వీధి వైపే ఉంటాయి. రెండు కంచాలే పెట్టాలని చేతికి ఇంకా తెలియలేదు.

నువ్వు గీసిన కాగితం ఒకటి నివేదికతోపాటు నాకూ పంపారు. పాపా నేనూ కూర్చుని చూశాం. నాకు అంతా అర్థమైంది. నువ్వు అనుకున్నంత మొద్దుని కాను. బోర్డు వల్ల జనం దాచారు, దాచడం వల్ల గుంట కనబడలేదు, గుంట కనబడక బోర్డు మీద అంకె పెరిగింది, అంకె పెరిగిందని సభ పెట్టారు. నువ్వున్నావు అందులో, నేనున్నాను, ఆయనా ఉన్నాడు. ఎవరి చెడ్డ మనసూ లేదు. ప్రతివాళ్ళూ పక్కవాళ్ళ మంచికే చేశారు. చదివిన కొద్దీ నిజమనిపించింది.

నిజమే కానీ, చిన్నా, చదవడం అయ్యాక నేను ఎక్కడికి పోవాలో తెలియలేదు. నెమ్మదన్న మీద పెట్టుకున్న కోపం ఎప్పుడో వదిలేశాను. మొన్న ఆయన భార్య వచ్చి నా చెయ్యి పట్టుకుని కూర్చుంది. మేనేజరుని చూస్తే జాలేస్తోంది. చచ్చిపోయిన మనిషిని తిట్టలేను. నన్ను నేను తిట్టుకుని అలిసిపోయాను. కాగితం మీద చూస్తే ఎవరి మీదా కోపం పెట్టుకునే చోటు లేదు. కానీ కోపం ఉంది. పొద్దున్న లేచేసరికి నాకన్నా ముందే లేచి కూర్చుంటోంది. దాన్ని ఎక్కడో ఒకచోట పెట్టకపోతే పాప మీద పడుతోంది. నిన్న పాలు పొంగిపోనిచ్చిందని దాన్ని కొట్టాను. పదిహేనేళ్ళ పిల్లని. పుట్టాక ఎప్పుడూ చెయ్యెత్తలేదు.

అందుకని నీమీద పెట్టుకుంటాను. న్యాయం కాదని తెలుసు. నీ లెక్క ప్రకారం తప్పని కూడా తెలుసు. శిక్ష కావాలన్నావు కదా, అది కూడా కాదు. నువ్వు నా తమ్ముడివి కాబట్టి పెట్టుకుంటున్నాను. పరాయివాళ్ళ మీద పెడితే వాళ్ళు మొహం తిప్పుకుని వెళ్ళిపోతారు. నువ్వు ఎక్కడికీ పోవు.

ఇప్పుడు రాకు. ఫోన్ చెయ్యకు. నేను నిన్ను తిట్టుకుంటాను, నీ పేరెత్తితే మొహం గంటు పెట్టుకుంటాను, నలుగురిలో నాకు తమ్ముడే లేడంటాను. ఎన్నాళ్ళో తెలియదు. మోసుకో. వేళకి అన్నం తిను.

అయిపోయిన రోజున నేనే రాస్తాను.

అక్క